శిశుభాషాధ్యయన చరిత్ర: ‘తప్పు’ సాక్ష్యంగా మారిన క్రమం

మాటలు నేరుస్తున్న తెలుగు శిశువు ‘ఇళ్ళు’ అనవలసిన చోట ‘ఇల్లులు’ అన్నదనుకొందాం. పెద్దలు ముచ్చటపడి నవ్వుతారు, ఆపై దిద్దుతారు. కాని ఆ రూపాన్ని శిశువు ఎవరి నోట విన్నది? ఇంట్లో ఎవరూ ‘ఇల్లులు’ అనరు. విననిదాన్ని అనుకరించడం సాధ్యం కాదు. ‘ఆవులు’, ‘పిల్లులు’, ‘బొమ్మలు’ వంటి మాటలనుంచి శిశువు తనంతట తాను ఒక నియమాన్ని ఊహించి, వ్యవహారం అంగీకరించని చోట కూడా దాన్ని వర్తింపజేసింది. పెద్దల దృష్టిలో ఇది తప్పు. భాషాశాస్త్ర దృష్టిలో శిశుమనస్సులో వ్యాకరణం రూపుదిద్దుకొంటున్నదనడానికి ప్రత్యక్ష సాక్ష్యం.

ఈ రెండో దృష్టి ఏర్పడడానికి చాలా కాలం పట్టింది. శిశువు భాషను ఎలా గ్రహిస్తుందన్న ప్రశ్న ప్రాచీనమే. అయితే వివిధ కాలాల చింతకులు శిశువును ఒకసారి వినేవాడిగా, ఒకసారి పరీక్షాసామగ్రిగా, ఒకసారి అనుకర్తగా చూశారు. శిశువు పలికిన మాటనే, అందులోని దోషంతో సహా, ఆధారంగా స్వీకరించడం ఇటీవలి పరిణామం. ఆ పరిణామక్రమాన్ని భారతీయ, పాశ్చాత్య చింతనలలో గుర్తించి, తెలుగు భాషాంగాల అధ్యయనానికి అది చూపే దారిని నిర్ణయించడం ప్రస్తుత వ్యాస లక్ష్యం.

‘బాల’ శబ్దం – రెండు అర్థాలు

తెలుగు వ్యాకరణ సంప్రదాయంలో ‘బాల’ శబ్దం సుపరిచితం. పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన గ్రంథానికి ‘బాలవ్యాకరణం’ అని పేరు. ఇక్కడ బాలుడంటే శాస్త్రాభ్యాసం ప్రారంభించిన విద్యార్థి. అతనికి భాష వచ్చు, లక్షణం తెలియదు. సంస్కృత తర్కశాస్త్రంలోనూ ఇదే వాడుక. పండితులు తెలుగువాడిగా గుర్తించే అన్నంభట్టు 17వ శతాబ్దిలో ‘తర్కసంగ్రహం’ రచించి, అది బాలుర సుఖబోధకోసమని చెప్పుకొన్నాడు. కావ్యవ్యాకరణాదులు చదివి న్యాయశాస్త్రం చదవనివాడే ఆ బాలుడని వ్యాఖ్యాతలు వివరించారు.

లక్షణగ్రంథాలు చదువుకొనే బాలుడికోసం పుట్టాయి కనుక ఉయ్యాలలోని శిశువు మాట వాటి పరిధిలోకి రాలేదు. వచ్చీరాని మాటలు, ముద్దుమాటలు సాహిత్యంలో వాత్సల్యానికి ఆలంబనమయ్యాయే తప్ప లక్ష్యంగా వ్యాకర్తల దృష్టికి రాలేదు. దీన్ని లోపమనడం తగదు. సాధుశబ్ద నిర్ణయం ప్రయోజనమైన శాస్త్రంలో అసాధురూపానికి ఉదాహరణగా తప్ప చోటు ఉండదు. అయితే అన్నంభట్టు తన గ్రంథానికి తానే రాసుకొన్న ‘దీపిక’లో మరొక బాలుడు కనిపిస్తాడు. అతడు నిజంగానే మాటలు నేరుస్తున్న శిశువు. అతడు వ్యాకరణంనుంచి కాక శబ్దబోధవిచారంనుంచి వచ్చినవాడు.

వృద్ధవ్యవహారం: వినే శిశువు

శబ్దానికి అర్థంతో గల సంబంధం ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు మీమాంసకులూ నైయాయికులూ చూపిన ప్రధాన దృష్టాంతం వృద్ధవ్యవహారం. ఒక పెద్దవాడు మరొకరిని ఆవును తెమ్మంటాడు. రెండోవాడు వెళ్ళి ఆవును తెస్తాడు. పక్కనే ఉన్న శిశువు ఆ మాటను వింటుంది, ఆ పనిని చూస్తుంది. ఆ మాట ఆ పనికి కారణమని ఊహిస్తుంది. అప్పటికి వాక్యం మొత్తానికి ఒక అర్థం తోచిందే గాని ఏ పదానికి ఏ అర్థమో తెలియదు. తరువాత ఆవును కట్టివేయమనీ, గుర్రాన్ని తెమ్మనీ ఆజ్ఞలు వినిపిస్తాయి. ఏ పదం ఉంటే ఏ వస్తువు లేదా ఏ క్రియ వస్తున్నదో, ఏది తొలగితే ఏది పోతున్నదో పోల్చుకొని శిశువు పదాలను విడదీస్తుంది. ఈ చేర్చడం, తొలగించడాలకే ఆవాప, ఉద్వాపాలని పేరు.

ఈ దృష్టాంతాన్ని మీమాంసకులు శిశువును గురించి తెలుసుకోవడానికి ఉపయోగించలేదు. నేటి వృద్ధులు ఒకనాటి శిశువులు. వారూ తమ వృద్ధులనుంచే నేర్చారు. ఈ పరంపరకు ఆది కనిపించదు కనుక శబ్దార్థసంబంధం ఎవరో కల్పించినది కాదని, నిత్యమని సిద్ధాంతీకరించడం వారి ప్రయోజనం. ప్రాభాకర, కుమారిల సంప్రదాయాల వివాదంలోనూ ఇదే శిశువు సాక్షి. శిశువుకు పదం ఎప్పుడూ వాక్యంలోనే లభిస్తున్నది కాబట్టి పదం అన్వితమైన అర్థాన్నే చెబుతుందని ప్రాభాకరులు వాదించారు. ఆవాపోద్వాపాలవల్ల పదాలు విడిగా తెలుస్తున్నాయి కాబట్టి ముందు పదార్థాలు, పిదప అన్వయం అని భాట్టులు సమాధానమిచ్చారు. నైయాయికులు శక్తిగ్రహణానికి వ్యాకరణం, ఉపమానం, కోశం, ఆప్తవాక్యం, వ్యవహారం, వాక్యశేషం, వివరణం, ప్రసిద్ధపద సాన్నిధ్యం అనే ఎనిమిది సాధనాలను పేర్కొన్నారు. తక్కిన ఏడింటికీ ముందే కొంత భాష వచ్చి ఉండాలి. ఏమీ రాని శిశువుకు వ్యవహారమే శరణ్యం.

భర్తృహరి మార్గం వేరు. ‘వాక్యపదీయం’లో ఆయన లోకంలోని కర్తవ్యజ్ఞానమంతా శబ్దాశ్రితమని, పూర్వసంస్కారం ఉండడంవల్ల అది శిశువుకు కూడా కలుగుతుందని ప్రతిపాదించాడు. ద్వితీయకాండలో ప్రతిభను నిరూపిస్తూ, వసంతంలో కోకిలకు కూతను, పక్షులకు గూడుకట్టడాన్ని ఎవరు నేర్పారని ప్రశ్నించాడు. బోధన లేకుండా ప్రాణికి సహజంగా సంక్రమించే సామర్థ్యం ఉన్నదని, వాక్యార్థగ్రహణం అటువంటిదని ఆయన మతం. శిశువు బయటినుంచి గ్రహిస్తుందన్న పక్షమూ, లోపలే బీజం ఉన్నదన్న పక్షమూ భారతీయ చింతనలో ఆనాడే నిలిచాయి.

ఇంతమాత్రాన ఆధునిక సిద్ధాంతాలు అన్నీ ఇక్కడే ఉన్నాయనడం చరిత్ర కాదు. భర్తృహరి చెప్పిన సంస్కారం జన్మాంతరానికి సంబంధించినది; నేటి జన్యుశాస్త్ర భావనతో అది అభిన్నం కాదు. అంతకంటె ముఖ్యమైన భేదం మరొకటి. వృద్ధవ్యవహార దృష్టాంతంలోని శిశువు ఎప్పుడూ మాట్లాడడు. అతడు వింటాడు, చూస్తాడు, ఊహిస్తాడు, చివరికి సరైన అర్థానికే చేరుకొంటాడు. అతడు పొరపడిన సందర్భం, ‘ఇల్లులు’ వంటి రూపాన్ని సృష్టించిన సందర్భం ఈ చర్చలో లేదు. ఆదర్శశ్రోత అయిన శిశువు తార్కికుడికి చాలును. భాషార్జన చరిత్రకు చాలడు.

మౌనంలో పెంచిన శిశువులు

శిశువును నిజంగా పరిశీలించాలన్న కోరిక మొదట క్రూరమైన రూపంలో వ్యక్తమయింది. ఈజిప్టు రాజు సామెటికస్ ఇద్దరు శిశువులను మాటలు వినపడకుండా ఒక గొల్లవాడి దగ్గర పెంచాడని, వారు మొదట పలికిన ‘బెకోస్’ ఫ్రిజియన్ భాషలో రొట్టెకు పేరని తేలడంతో ఆ జాతే ప్రాచీనమని రాజు అంగీకరించాడని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. భారతదేశంలో 16వ శతాబ్ది చివరి భాగంలో అక్బరు కొందరు శిశువులను మాట్లాడని దాదుల సంరక్షణలో ఉంచి పెంచిన భవనం ‘గుంగ్ మహల్’, అంటే మూగల మహలు, అని ప్రసిద్ధమైంది. కొన్నేళ్ళ తరువాత వారికి ఏ భాషా రాలేదని అబుల్ ఫజల్, బదాయూనీ ఇద్దరూ నమోదు చేశారు.

సామెటికస్ కథ ఆదిమభాష ఏదన్న ప్రశ్నకు పుట్టింది. అందులోని చారిత్రకత సందేహాస్పదం. అక్బరు పరీక్ష ఫలితం మాత్రం ఒక విషయాన్ని స్పష్టపరిచింది. వినికిడి లేకపోతే మాట రాదు. సహజశక్తి ఎంత ఉన్నా వృద్ధవ్యవహారం లేనిదే అది ఫలించదు. అయితే వినికిడి ఉన్నప్పుడు శిశువు దానితో ఏమి చేస్తుందన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది. శిశువు మాటను హరించే పరీక్షలో శిశువు మాటకు సాక్ష్యమయ్యే అవకాశం ఉండదు.

దినచర్యలు: శిశువు మాటకు పుటలు

శిశువు రోజూ పలికేదాన్ని తేదీవారీగా రాసిపెట్టే పద్ధతి ఐరోపాలో 18వ శతాబ్ది చివర ప్రారంభమైంది. జర్మన్ తత్త్వవేత్త టీడెమాన్ తన కుమారుడిపై చేసిన పరిశీలనలను 1787లో ప్రకటించాడు. ఫ్రెంచి రచయిత తేన్ తన కూతురి భాషను గురించి 1876లో వ్యాసం రాశాడు. అది మరుసటి ఏడు ఇంగ్లీషులో ‘మైండ్’ పత్రికలో రావడం చూసి చార్లెస్ డార్విన్ 37 ఏళ్ళ కిందటి తన దినచర్యను వెలికితీసి అదే పత్రికకు ఒక వ్యాసం పంపాడు. సరిగా ఒక ఏడాది వయసులో ఆయన కుమారుడు ఆహారానికి ‘మమ్’ అనే పదాన్ని తానే కల్పించుకొన్నాడు. అంతకంటె విశేషంగా, ఆ మాటను అడిగే స్వరంతో పలికాడు. పదం ఒకటే అయినా స్వరభేదంతో దానికి వాక్యస్థాయి కలిగిందన్నమాట.

1882లో ప్రెయెర్, 1907లో క్లారా, విలియం స్టెర్న్ దంపతులు ఈ పద్ధతిని శాస్త్రీయం చేశారు. స్టెర్న్ దంపతులు తమ ముగ్గురు పిల్లల భాషను ఏళ్ళ తరబడి నమోదు చేసి, ఏకపదవాక్యం, ద్విపదవాక్యం మొదలైన దశలను నిరూపించారు. లియొపోల్డ్ తన కూతురు ఇంగ్లీషు, జర్మన్ భాషలను ఏకకాలంలో నేర్చిన తీరును 1939–1949 మధ్య నాలుగు సంపుటాలుగా వెలువరించాడు. ద్విభాషాశిశువును గురించి అంత విస్తృతమైన నమోదు అంతకుముందు లేదు.

ఈ దినచర్యలవల్లనే శిశురూపాలు మొదటిసారి కాగితానికెక్కాయి. తల్లిదండ్రులు ముచ్చటైనవాటిని ఎంచి, సాధారణమైనవాటిని వదిలిపెట్టే ప్రమాదం ఈ పద్ధతిలో ఉన్నది. ఒక్కొక్క కుటుంబం చదువుకొన్నవారి కుటుంబమే కావడం మరో పరిమితి. అయినా ‘వృద్ధుడు’ చెప్పినదాన్ని కాక శిశువు చెప్పినదాన్ని మూలపాఠంగా గ్రహించడం ఇక్కడ మొదలైంది.

అనుకరణమా, నియమకల్పనమా?

20వ శతాబ్ది మధ్యభాగంలో ఈ మూలపాఠం సిద్ధాంత వివాదానికి కేంద్రమైంది. 1957లో స్కిన్నర్ ‘వెర్బల్ బిహేవియర్’ గ్రంథంలో భాషను ప్రవర్తనగా నిర్వచించి, పరిసరం ఇచ్చే ప్రోత్సాహంవల్ల అది దృఢపడుతుందన్నాడు. 1959లో చామ్‌స్కీ దాన్ని సమీక్షిస్తూ, ఎన్నడూ వినని వాక్యాలను మనుషులు నిరంతరం సృష్టిస్తారని, శిశువు పరిమితమైన, అసంపూర్ణమైన వినికిడినుంచి అంత సంక్లిష్టమైన వ్యాకరణాన్ని నిర్మించుకోవడాన్ని ప్రోత్సాహం వివరించలేదని వాదించాడు. సహజసిద్ధమైన సార్వత్రిక వ్యాకరణ భావన దీన్నుంచి బలపడింది.

ఈ వాదానికి ప్రయోగబలాన్ని జీన్ బెర్కో 1958లోనే సమకూర్చింది. ఆమె పిల్లలకు పక్షివంటి ఒక బొమ్మ చూపి దాని పేరు ‘వగ్’ అన్నది. తరువాత అటువంటివి రెండు చూపి పేరు చెప్పమన్నది. పిల్లలు ‘వగ్స్’ అన్నారు. ‘వగ్’ అనే మాట భాషలో లేదు కనుక దాని బహువచనాన్ని పిల్లలు విని ఉండే అవకాశమే లేదు. వారి దగ్గర ఉన్నది పదాల నిల్వ మాత్రమే కాదు, నియమం కూడా.

1962లో రోజర్ బ్రౌన్ బృందం ఆడమ్, ఈవ్, సారా అనే మారుపేర్లతో ముగ్గురు పిల్లల సంభాషణలను క్రమవ్యవధిలో ధ్వనిముద్రణ చేయడం ప్రారంభించింది. 1973లో ఆయన ప్రకటించిన గ్రంథం ఇంగ్లీషు శిశువులు 14 వ్యాకరణ పదాంశాలను దాదాపు ఒకే క్రమంలో సాధిస్తారని, ఆ పదాంశాలు వినిపించే తరచుదనం ఆ క్రమాన్ని నిర్ణయించడం లేదని నిరూపించింది. బ్రౌన్, హన్లన్ 1970లో మరొక చిక్కును బయటపెట్టారు. తల్లిదండ్రులు శిశువు మాటలోని సత్యాసత్యాలను దిద్దుతారే గాని వ్యాకరణదోషాలను పెద్దగా పట్టించుకోరు. వాస్తవం సరిపోతే వ్యాకరణం తప్పినా మెచ్చుకొంటారు. దిద్దడమే వ్యాకరణాన్ని నేర్పుతుందన్న నమ్మకానికి ఇది దెబ్బ.

ఇంగ్లీషు శిశువు మొదట ‘వెంట్’ అని సరిగా పలికి, కొంతకాలానికి ‘గోడ్’ అని, చివరికి మళ్ళీ ‘వెంట్’ అని పలకడం అందరికీ తెలిసిన ఉదాహరణ. పైకి వెనకడుగుగా కనిపించే మధ్యదశ నిజానికి ముందడుగు. మొదటిది కంఠస్థం, రెండోది నియమం, మూడోది నియమాపవాదాల వివేకం. 1986లో రూమెల్‌హార్ట్, మెక్లెలాండ్ నియమాన్ని విడిగా నిక్షిప్తం చేయని ఒక గణనజాలం కూడా ఇటువంటి దశలను చూపగలదని వాదించారు. అది చూపిన వక్రరేఖకు దానికి అందించిన పదాల క్రమమే కారణమని విమర్శకులు ఎత్తిచూపారు. 1992లో మార్కస్, పింకర్ తదితరులు 83 మంది ఇంగ్లీషు శిశువుల మాటలను లెక్కించగా, ఇటువంటి అతినియమ రూపాల మధ్యస్థ శాతం 2.5 మాత్రమేనని తేలింది. అంటే తప్పు అరుదు. అరుదైనా, శిశువు అంతరంగాన్ని చూపగలిగింది అదే.

ధ్వని: శిశువు కోల్పోయేది

భాషాంగాలలో మొదట స్థిరపడేది ధ్వని. 1941లో యాకబ్సన్ శిశువు వర్ణాలను పొందే క్రమానికీ, ప్రపంచభాషల వర్ణవ్యవస్థలకూ, వాక్‌క్షతిలో అవి నశించే క్రమానికీ ఒకే సూత్రం ఉన్నదని ప్రతిపాదించాడు. ఓష్ఠ్య, దంత్య స్పర్శాలు, అనునాసికాలు, ‘అ’కారం ముందు వస్తాయి, అమ్మ, నాన్న, అత్త, తాత, అవ్వ వంటి తెలుగు బంధువాచకాల నిర్మాణం ఆయన పరిశీలనకు దగ్గరగా ఉన్నది. తరువాతి నమోదులలో శిశువులమధ్య వైవిధ్యం ఎక్కువగా కనిపించడంతో ఈ సూత్రం ప్రవృత్తిగానే నిలిచింది.

పలకడానికి ముందే వినడంలో జరిగే మార్పు 1971 తరువాతనే తెలిసింది. ఈమాస్ బృందం ఒకటి, నాలుగు నెలల శిశువులు బ, ప ధ్వనులను వేరుగా గుర్తిస్తున్నారని కనుగొన్నది. 1984లో వెర్కర్, టీస్ చేసిన ప్రయోగం తెలుగువారికి మరింత సన్నిహితమైనది. హిందీలోని దంత్య, మూర్ధన్య స్పర్శాల భేదాన్ని, అంటే త, టల భేదాన్ని, ఇంగ్లీషు కుటుంబాల శిశువులు 6–8 నెలల వయసులో గుర్తించగలిగారు. 10–12 నెలలకు వారిలో చాలామందికి ఆ శక్తి క్షీణించింది. హిందీ వింటున్న శిశువుల్లో అది నిలిచింది. తెలుగులో ‘తాత’, ‘టాటా’ వేరు కావడానికి ఆధారమైన భేదమే ఇది. శిశువు తెలుగును నేర్చుకోవడమంటే తెలుగుకు అవసరమైన భేదాలను నిలుపుకోవడం, అవసరంలేనివాటిని వదులుకోవడం కూడా.

1996లో సాఫ్రన్, ఆస్లిన్, న్యూపోర్ట్ ఎనిమిది నెలల శిశువులు విరామంలేని కృత్రిమ అక్షరధారను రెండు నిమిషాలు విని, ఏ అక్షరం వెంట ఏది తరచుగా వస్తున్నదో గమనించి పదాల హద్దులను పసిగట్టగలరని చూపారు. ఏది దేనితో కలిసి వస్తున్నది, ఏది మారుతున్నది అన్న పరిశీలనకు ఆవాపోద్వాపాలతో పోలిక ఉన్నది. అక్కడ అర్థస్థాయిలో ఊహించినది ఇక్కడ ధ్వనిస్థాయిలో ప్రయోగానికి నిలిచింది.

తెలుగు పదాంశం చూపే సమస్యలు

1973లో స్లోబిన్ అనేక భాషల సమాచారాన్ని పోల్చి, శిశువు పదాంతాలపై ఎక్కువ శ్రద్ధ వహిస్తుందని సూత్రీకరించాడు. హంగేరియన్, సెర్బో-క్రొయేషియన్ రెండూ నేరుస్తున్న పిల్లలు స్థానాన్ని హంగేరియన్ ప్రత్యయాలతో ముందుగా, రెండో భాషలోని పూర్వపదాలతో ఆలస్యంగా వ్యక్తం చేయడం ఆయనకు ఆధారం. భావం ఒకటే; రూపం సులభమైన చోట ముందు బయటపడింది. టర్కిష్ శిశువులు రెండేళ్ళలోపే అధికభాగం విభక్తిరూపాలను సరిగా ప్రయోగిస్తారని తరువాతి పరిశోధనలు తెలిపాయి. ‘లో’, ‘కి’, ‘తో’ వంటి ప్రత్యయాలు పదాంతంలో చేరే తెలుగుకు ఈ నిర్ణయాలు వర్తించాలి.

అయితే తెలుగులో ప్రత్యయం సులభమైనా అది చేరే అంగం సులభం కాదు. ‘ఇల్లు’ ‘ఇంట్లో’ అవుతుంది; ‘చేయి’ ‘చేతిలో’ అవుతుంది. బహువచనంలో ‘ఇల్లు, ముల్లు’ అనేవి ‘ఇళ్ళు, ముళ్ళు’ కాగా, ‘బిల్లు’ ‘బిల్లులు’గానే, ‘పిల్లి’ ‘పిల్లులు’గానే ఉంటాయి. బెర్కో పద్ధతిలో ‘బొల్లు’ వంటి లేని పదాన్ని తెలుగు శిశువు ముందుంచితే వచ్చే జవాబు ‘బొల్లులు’ అయితే ఒక నిర్ణయం, ‘బొళ్ళు’ అయితే మరొక నిర్ణయం. మొదటిది సాధారణ ప్రత్యయయోగం; రెండోది దేశ్యపదాలలోని వర్ణవికారాన్ని కూడా శిశువు నియమంగా గ్రహించిందనడానికి గుర్తు. ఏ వయసులో ఏ జవాబు అధికమో తెలిస్తే ‘లు’ వర్ణంపై సంప్రదాయ వ్యాకరణం చేసిన విభాగాలకు వ్యవహర్త మనస్సులో ఎంత ఉనికి ఉన్నదో తేలుతుంది.

లింగవచనాల సమస్య మరింత గాఢమైనది. ఏకవచనంలో ‘నాన్న వచ్చాడు’ ఒకవైపు, ‘అక్క వచ్చింది’, ‘ఆవు వచ్చింది’ మరొకవైపు. బహువచనంలో ‘నాన్నలు, అక్కలు వచ్చారు’ ఒకవైపు, ‘ఆవులు వచ్చాయి’ మరొకవైపు. స్త్రీవాచకం ఏకత్వంలో అమహత్తుతోనూ బహుత్వంలో మహత్తుతోనూ చేరడాన్ని వ్యాకర్తలు మహద్, మహతీ, అమహద్విభాగంతో వివరించారు. శిశువుకు ఆ పరిభాష లేదు. పైగా ‘తాతయ్య వచ్చారు’ అనే గౌరవ బహువచనం ఏకవ్యక్తికే వినిపిస్తుంది. ఒకే ప్రత్యయంలో సంఖ్య, మానవత్వం, గౌరవం కలిసిపోయిన ఈ వినికిడిలోనుంచి శిశువు మూడింటినీ ఎలా విడదీస్తుంది? ‘రెండు అక్కలు’ అన్న శిశువు ‘ఇద్దరు’ అనే మాట తెలియనిదా, మానవ, మానవేతర భేదం ఇంకా ఏర్పడనిదా? ‘అక్కలు వచ్చాయి’ అని కూడా అంటున్నదో లేదో చూస్తేనే జవాబు దొరుకుతుంది. ఒక తప్పు అర్థం కావడానికి మరొక తప్పు ఉనికి, లేదా దాని లేమి, అవసరమవుతుంది.

ప్రేరణార్థకం విషయంలో సోదరభాష కన్నడంనుంచి ఒక మార్గదర్శనం ఉన్నది. లిడ్జ్, గ్లైట్‌మన్‌లు 2003లో ప్రకటించిన ప్రయోగంలో మూడేళ్ళ కన్నడ శిశువులు క్రియలో ప్రేరణ ప్రత్యయం ఉన్నదా లేదా అన్నదానికంటె వాక్యంలో ఎన్ని నామాలున్నాయన్నదాన్ని బట్టి ప్రేరణార్థాన్ని నిర్ణయించారు. కన్నడంలో ప్రేరణకు నమ్మదగిన గుర్తు ప్రత్యయమే అయినా శిశువులు దాన్ని వదిలి వాక్యనిర్మాణాన్ని ఆశ్రయించడం సహజసిద్ధవాదానికి బలమిచ్చింది. ‘తిను–తినిపించు’, ‘ఏడ్చు–ఏడిపించు’ వంటి ‘ఇంచుక్’ రూపాలతోపాటు ‘విరుగు–విరుచు’ వంటి భిన్నధాతు యుగ్మాలు కూడా ఉన్న తెలుగులో ఇదే ప్రయోగం మరింత సూక్ష్మమైన ఫలితాలను ఇవ్వగలదు.

ఎవరి మాటలు వింటున్నది?

సహజశక్తివాదం బలపడిన కాలంలోనే వినికిడి స్వభావంపై పరిశోధన సాగింది. 1964లో ఫెర్గూసన్ మరాఠీతో సహా ఆరు భాషలలో పెద్దలు శిశువులతో వాడే ప్రత్యేకభాషను పోల్చాడు. తెలుగులో ‘బువ్వ’, ‘లాల’, ‘జేజి’, ‘బజ్జో’ వంటి మాటలు ఈ కోవలోవే. శిశువు వీటిని కనిపెట్టదు. తరతరాలుగా పెద్దలే అందిస్తున్న పదజాలమిది. 1972లో కేథరిన్ స్నో తల్లుల మాట చిన్న వాక్యాలతో, పునరుక్తితో శిశువుకు అనువుగా ఉంటుందని నిరూపించి, శిశువు వినేది అస్తవ్యస్తమన్న భావనను సవరించింది. 1984లో ఆక్స్, షీఫెలిన్ సమోవా, పపువా న్యూగినీ సమాజాల పరిశీలనతో, పెద్దలు మాటను శిశువుకోసం తేలికపరచని సమాజాలు కూడా ఉన్నాయని, అక్కడి పిల్లలూ భాషను సకాలంలోనే నేరుస్తారని చూపారు. టొమసెల్లో 2003లో వ్యాకరణమంతా ప్రయోగాలనుంచి, ఇతరుల ఉద్దేశాన్ని గ్రహించే శక్తినుంచి క్రమంగా ఏర్పడుతుందని ప్రతిపాదించాడు.

ఈ సందర్భంలో వృద్ధవ్యవహార దృష్టాంతానికి కొత్త విలువ కలిగింది. అందులో పెద్దలు మాట్లాడుకొంటున్నది శిశువుతో కాదు, తమలో తాము. పాశ్చాత్య పరిశోధన చాలాకాలం తల్లీబిడ్డల జంటనే ప్రమాణంగా తీసుకొన్నది. 2001లో అఖ్తర్ తదితరులు రెండేళ్ళ వయసు శిశువులు తమను ఉద్దేశించని సంభాషణనుంచి కూడా కొత్త పదాలు నేర్వగలరని ప్రయోగపూర్వకంగా చూపారు. తాతయ్య, అమ్మమ్మ, పిన్నమ్మ, ఇరుగుపొరుగు కూడి ఉండే ఇంటిలో శిశువు వినేదానిలో అధికభాగం అటువంటిదే. మీమాంసకుడు తర్కంకోసం గీసిన చిత్రం తెలుగు ఇంటి వినికిడికి తల్లీబిడ్డల జంటకంటె దగ్గరగా ఉన్నది.

ముగింపు

వృద్ధవ్యవహారంలోని శిశువు మాట్లాడలేదు. గుంగ్ మహల్లోని శిశువును మాట్లాడనివ్వలేదు. దినచర్యలలోని శిశువు మాట్లాడింది, కాని ముచ్చటగా తోచినంతవరకే నమోదైంది. బెర్కో, బ్రౌన్‌ల తరువాత శిశువు పలికిన దోషరూపం సిద్ధాంతాలను నిలబెట్టే, పడగొట్టే సాక్ష్యమైంది. 1984లో మెక్‌విన్నీ, స్నో ‘చైల్డ్స్’ పేర నెలకొల్పిన భాండారం ఆ సాక్ష్యాన్ని అందరికీ అందుబాటులోకి తెచ్చింది. టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన ఆర్. నరసింహన్ సేకరించిన తమిళ శిశుసంభాషణలకు అందులో చోటు దొరికింది.

తెలుగులో ఈ అవసరం కేవలం సిద్ధాంతపరమైనది కాదు. శిశువుకు మాట ఆలస్యమైందా లేదా అని నిర్ణయించడానికి కొలత కావాలి. బ్రౌన్ ఇచ్చిన కొలత శిశువు ఉక్తిలోని పదాంశాల సగటు సంఖ్య. ఇంగ్లీషులో రెండు పదాంశాలుగా లెక్కకు వచ్చే ‘ఐ కేమ్’ తెలుగులో ‘వచ్చాను’ అనే ఒక పదం. అందులో ధాతువు, కాలప్రత్యయం, పురుషప్రత్యయం మూడూ ఉన్నాయి. శిశువు వాటిని విడదీసి కూర్చిందో, ఒకే ముద్దగా కంఠస్థం చేసిందో తెలియకుండా మూడుగా లెక్కించినా, ఒకటిగా లెక్కించినా కొలత తప్పుతుంది. పరాయి కొలతతో ఆరోగ్యవంతమైన శిశువును వెనకబడినదనడానికీ, నిజంగా సాయం అవసరమైన శిశువును గుర్తించకపోవడానికీ అవకాశం ఉన్నది. ఇంట తెలుగు, బడిలో ఇంగ్లీషు వినే పిల్లల విషయంలోనూ, విదేశాలలో పెరిగే తెలుగు పిల్లల విషయంలోనూ ఈ ప్రమాదం రెట్టింపు.

ఇందుకు కావలసిన పనిముట్లు స్వల్పం. శిశువు పలికిన రూపాన్ని దిద్దకముందే ఉన్నదున్నట్టు రాయాలి. వయసును ఏళ్ళు, నెలలు, రోజులలో గుర్తించాలి. ఆ మాటకు ముందు ఎవరు ఏమన్నారో, అది శిశువునుద్దేశించినదో కాదో చేర్చాలి. కోస్తా, రాయలసీమ, ఉత్తరాంధ్ర, తెలంగాణ మాండలికాలలో ఏది ఆ ఇంటి భాషో తెలపాలి. ఒక ప్రాంతపు సాధురూపం మరొక ప్రాంతంలో శిశుదోషంగా నమోదు కాకూడదు. సరైన రూపాలనూ అదే శ్రద్ధతో రాయాలి. తప్పు ఎంత అరుదో వాటివల్లనే తెలుస్తుంది. తెలుగు శాఖలలోని పరిశోధకులకు వ్యాకరణ సంప్రదాయంతో గల పరిచయం ఇక్కడ అదనపు బలం. మహతీవిభాగాన్ని తెలిసినవారికే ‘అక్కలు వచ్చాయి’ అన్న శిశువాక్యంలో ఏమి జరుగుతున్నదో కనిపిస్తుంది. చిన్నయసూరి బాలుడికోసం వ్యాకరణం రాశాడు. ఉయ్యాలలోని బాలుడు తనకోసం తాను కట్టుకొనే వ్యాకరణాన్ని రాసిపెట్టడం ఇంకా జరగవలసిన పని.